కాలిన అంచు

సూదమ్మ చేసే పనిని ఎవరికీ చూపించడం కుదరదు. సరిగ్గా చేసిందంటే అక్కడ చూడడానికేమీ మిగలదు. చూడడానికేదైనా మిగిలిందంటే పని చెడినట్టే. చిరిగిన చోట, కాలిన చోట, ఎలుక కొరికిన చోట, అదే గుడ్డ లోపలి మడతలోంచి పోగులు లాగి, వాటినే నిలువుగా అడ్డంగా అల్లి, చిల్లు పడ్డ సంగతే తెలియకుండా చేయడం ఆమె వృత్తి. రఫూ అంటారు దాన్ని. ముప్పై నాలుగేళ్లుగా తమ ఊళ్లో ఒక లాండ్రీ వెనకగదిలో, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని ఆమె ఇదే చేస్తోంది. అసలు పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. దుకాణంలో వాళ్లకీ, బట్టలు తెచ్చేవాళ్లకీ, ఆఖరికి కట్టుకున్నవాడికి కూడా ఆమె సూదమ్మే.

ఈ పని ఆమెకి నేర్పింది అత్తగారు. నేర్పింది అనడం మర్యాద కోసం. నిజానికి కాల్చుకు తిన్నది. మొదటి ఆరు నెలలూ సూది ముట్టుకోనివ్వలేదు, మడతల్లోంచి పోగులు లాగడమే పని. పోగు తెగితే తిట్లు. తెగకపోతే ఇంతసేపా అని తిట్లు. అన్నిటికంటే పెద్ద గొడవ కాలిన అంచు దగ్గర వచ్చేది. నిప్పు పడి కాలిన చిల్లు చుట్టూ నల్లగా, గట్టిగా ఒక అంచు మిగులుతుంది. సూదమ్మకి తెలిసిన రఫూవాళ్లందరూ దాన్ని కత్తెరతో గుండ్రంగా తీసేసి పని మొదలుపెట్టేవాళ్లే. అత్తగారు మాత్రం కత్తెర పట్టనిచ్చేది కాదు. ఆ అంచుని పొడి కాకుండా గోటితో మెల్లమెల్లగా వెనక్కి మడిచి, దాని పైనుంచి అల్లాలి. దాంతో పని రెట్టింపు, మెడనొప్పి రెట్టింపు, యజమాని సణుగుడు మూడింతలు.

"గుడ్డ వాళ్లది. కాలినా వాళ్లదే. కలపమని పిలిచారు గానీ కొయ్యమని పిలిచారా నిన్ను?" అనేది ఆవిడ.

సూదమ్మ పైకి ఒక్క మాట ఎదురాడలేదు. మనసులో మాత్రం తిట్టుకోని రోజు లేదు. ఆవిడ పోయి పదకొండేళ్లయింది. తిట్టుకోవడమూ మానలేదు, అంచు కత్తిరించడమూ మొదలుపెట్టలేదు. చెయ్యి అలా అలవాటు పడిపోయింది మరి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. చివరి రోజుల్లో అత్తగారికి చూపు పూర్తిగా పోయాక, సూదమ్మ ముగించిన బట్టని ఒళ్లో వేయించుకుని, వేళ్లతో తడిమి తడిమి, "ఎక్కడే?" అని అడిగేది. చోటు దొరక్కపోతే బట్ట తిరిగిచ్చేసి, గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంటే అదే. సూదమ్మ ఆ ఒక్క ప్రశ్న కోసం సాయంత్రాలు కాసుక్కూర్చునేది. ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

కాలం ఎవరిని వదిలింది గనక. ఈ మధ్య సూదమ్మ కళ్లలోనూ పొర ముదిరింది. ముదురు నీలం ప్యాంటుకి నల్లపోగు అల్లి పంపింది. ఆ పెద్దమనిషి మర్నాడే తిరిగొచ్చి, మోకాలి మీద మచ్చ చూపించాడు. ముప్పై నాలుగేళ్లలో ఒకరు ఆమె పనిని వేలు పెట్టి చూపించడం అదే మొదలు. ఆ రోజు ఆమెకి తిండి సయించలేదు. "కళ్లు పోతే చేతులెందుకు?" అని మొగుడి దగ్గర ఏడ్చింది. ఆయన బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి, ఓదార్చడం పెద్దగా చేతకాదు. పెట్టె సర్ది, పట్నంలో ఉన్న అక్క కూతురి దగ్గరికి పంపించాడు.

కుడికంటికి ఆపరేషన్ అయింది. రెండోది మూడు నెలల తర్వాత. డాక్టరు నాలుగు మాటలు చెప్పాడు: నెల్లాళ్లు మెట్లెక్కొద్దు, వంగొద్దు, కంట్లో నీళ్లు పడనివ్వొద్దు, సూదిపని చెయ్యొద్దు. సూదమ్మ నాలుగూ విని, మూడింటికి తలూపింది.

మెట్ల దగ్గరే చిక్కొచ్చింది. అక్క కూతురు బట్టల మీదా కాగితాల మీదా బొమ్మలు అచ్చు వేస్తుంది. ఆమె ఉండేది ఊరి నడిబొడ్డున పాత బిస్కట్ ఫ్యాక్టరీలో, నాలుగో అంతస్తులో. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ గదులన్నీ చేతిపనివాళ్లు పంచుకున్నారు. లిఫ్టు ఉంది గానీ అది బిస్కట్లతో పాటే ఆగిపోయింది. అప్పుడు నేల అంతస్తులో దీపాలు తయారుచేసే ఒకామె తన పడకగది ఖాళీ చేసి, తను పని బల్లల మధ్య చాప వేసుకుంది. అడక్కుండానే. నలభై దాటినా సూదమ్మ లెక్కలో ఆమె దీపాలమ్మాయే. పదహారు రోజులు మంచం ఇచ్చింది, పొద్దున్నే టీ ఇచ్చింది, కంట్లో మందు వేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఇంత చేస్తే దానికి బదులు ఏం చేయాలో తెలియక సూదమ్మ లోపల్లోపల సతమతమైపోయింది.

పదిహేడో రోజు ఆ వాడకి పండగ లాంటిదే. ఏడాదికొకసారి ఆ సందులన్నింట్లో పనివాళ్లు తలుపులు బార్లా తీసి, వచ్చినవాళ్లందరికీ తమ గదులు చూపిస్తారట. నాలుగింటికి మొదలు. డాక్టరు ముందురోజే నల్ల కళ్లద్దాలు తీసేయమన్నాడు. జనం రాకముందే ఒక చుట్టు చుట్టి వద్దామని అక్క కూతురు పొద్దున్నే ఆమెని బయలుదేరదీసింది.

సూదమ్మ ఆ సందులో నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎడమ కన్ను మూసింది. తెరిచి, కుడిది మూసింది. ఎడమకంటితో చూస్తే గోడలన్నీ టీ రంగులో ఉన్నాయి. కుడికంటితో చూస్తే తెలుపు తెల్లగా, నీలం నీలంగా, కిటికీ చువ్వల మీద తుప్పు కూడా ముచ్చటగా ఉంది. ఇన్నేళ్లూ లోకం మాసిందనుకుంది గానీ మాసింది తన కన్నని ఆమెకి తోచలేదు. ఆ డాక్టరు చేతులు చల్లగా ఉండాలని అప్పటికి పదోసారి అనుకుంది.

"పిన్నీ, నువ్వలా ఒక్కో కన్నూ మూస్తుంటే కన్ను కొడుతున్నావనుకుంటారు. అదుగో, గిటార్లు చేసే ఆయన నవ్వుతున్నాడు చూడు."

"నవ్వనీవే. ఈ వయసులో నన్ను చూసి నవ్వేవాడు దొరకడమే ఎక్కువ."

మలుపులో మూడంతస్తుల ఎత్తున గోడ నిండా ఒక మోచేయి గీసి ఉంది. సూదమ్మ మెడ వెనక్కి వంచి చూసింది.

"ఇదేంటే, మోచేయా?"

"మోచేయే."

"మిగతా మనిషేడీ?"

"పక్క సందులో కాళ్లున్నాయి. తల ఇంకా గీయలేదు. డబ్బా రంగులు అయిపోయాయట."

అలా నడిచారు. గిటార్లాయన చెక్కని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాసనకీ రాగానికీ సంబంధం ఏమిటని ఆమె అడిగితే, "తెలీదండీ, మా నాన్న చూసేవాడు, నేనూ చూస్తున్నా," అన్నాడు. ఆ జవాబు ఆమెకి బాగా నచ్చింది. అచ్చు అక్షరాలు పేర్చే ముసలాయన సీసపు అక్షరం ఒకటి ఆమె అరచేతిలో పెట్టాడు. చిన్నదే గానీ ఎంత బరువో! కుమ్మరి పని చేసే పిల్ల దగ్గర బల్ల నిండా కప్పులు, ఒక్కటీ తిన్నగా లేదు.

"ఇది ఒక పక్కకి ఒరిగిందమ్మా," అంది సూదమ్మ జాలిగా.

"కావాలనే అండీ."

"ఇక్కడ పగిలింది కదా?"

"అదీ కావాలనే."

బయటికి రాగానే సూదమ్మకి నవ్వు ఆగలేదు. "మా దుకాణంలో ఎవడైనా కావాలనే చించుకొచ్చాడంటే మా యజమాని కర్ర తీస్తాడే," అంది. ఇంకొకటీ గమనించింది. ఆ వాడలో ప్రతివాడూ చేసినదాని మీద ఒక మూల తన గుర్తు వేసుకుంటాడు. కప్పు అడుగున, బొమ్మ కింద, గిటారు లోపల. ఎక్కడా తన గుర్తు లేకుండా చూసుకోవడమే ఆమె జన్మంతా నేర్చుకున్న విద్య. తప్పనిపించలేదు, చిన్నతనంగానూ అనిపించలేదు. కొత్త దేశం వచ్చినట్టు అనిపించింది, అంతే.

పదిన్నరకి అక్క కూతురు ఆమెని దీపాలమ్మాయి పనిగదిలో కూర్చోబెట్టి, "తను బల్బులు తేవడానికి వెళ్లిందట. నేను పైన బొమ్మలు ఆరేశాను, తగిలించి వస్తా. నువ్వు బుద్ధిగా కూర్చో," అని చెప్పి పరిగెత్తింది.

బుద్ధిగానే కూర్చుంది ఒక పది నిమిషాలు. గదిలో తీగలూ, గాజు ముక్కలూ, నల్ల తెరలూ ఉన్నాయి. ఎదురుగా తెల్లగోడ. ఆ గోడకి నాలుగడుగుల ఇవతల, పైనుంచి కొత్తగా వేలాడదీసిన మగవాళ్ల కోటు ఒకటి. మందపాటి నూలు, ఉతికి ఉతికి వెలసిన నీలం. ముందు భాగమంతా చిల్లులు. సూదమ్మ లేచి వెళ్లి చూసింది. మిరియపు గింజంత ఒకటి, వేలిగోరంత ఒకటి. అన్నిటికీ చుట్టూ నల్ల అంచు. నిప్పురవ్వలు పడ్డ కోటు. వేలితో లెక్కపెట్టింది. ఏడు.

పాపం, ఈ పిల్లకి తీరిక లేదు కాబోలు, రేపోమాపో ఎవరికైనా ఇద్దామని తగిలించుకుందనుకుంది. కుమ్మరి పిల్ల చెప్పిన "కావాలనే" చెవిలో ఇంకా పచ్చిగానే ఉన్నా, అది కప్పుల సంగతి. బట్టల్లో చిల్లంటే చిల్లే. ముప్పై నాలుగేళ్లు ఆ ఒక్క చూపుతో బతికిన మనిషికి ఇంకో చూపు ఎక్కడినుంచి వస్తుంది? పైగా చేతులు పదహారు రోజులుగా ఖాళీ. పైగా ఆ నీలం. ఏ నీలానికైతే మొన్న మోసపోయిందో అదే నీలం, ఇప్పుడు పోగు పోగుగా కనిపిస్తోంది. పైగా మంచమిచ్చిన మనిషి కోటు.

సంచిలో సూది ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

కోటు దించి కిటికీ దగ్గర కూర్చుంది. అడుగు మడత విప్పింది. ఎవరో ఇంతకుముందే ఆ మడత ఒకసారి విప్పి, వేరే దారంతో మళ్లీ కుట్టారు. లోపల కొన్ని పోగులు కూడా తక్కువగా ఉన్నాయి. ఓహో అనుకుని ఊరుకుంది. తనకి కావలసినవి లాగి, భుజం దగ్గర చిల్లుతో మొదలుపెట్టింది. అంచు వెనక్కి మడిచేటప్పుడు అలవాటు చొప్పున అత్తగారిని ఒకసారి తలుచుకుని తిట్టుకుంది. ఆ తర్వాత లోకం తెలియలేదు. సూది ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయింది. ఒక పోగు కింద, ఒక పోగు పైన. మొదటిది పూర్తయ్యాక వెలుతురుకి పెట్టి చూసింది. ఏ చోటో తనకే ఒక్క క్షణం దొరకలేదు. కళ్లు చెమర్చాయి. కంట్లో నీళ్లు పడకూడదని డాక్టరు చెప్పింది ఈ నీళ్ల గురించి కాదులే అనుకుంది. తన పని తనకి తిరిగొచ్చింది. అంతకంటే ఏం కావాలి?

రెండు గంటల్లో మూడు చిల్లులు మూసి, మిగతావి రేపు చేద్దామని మడత కుట్టేసి, కోటు ఉన్నచోటే తగిలించి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. చెప్పకుండా చేయడంలోనే ఉంది సరదా అంతా.

దీపాలమ్మాయి వగరుస్తూ వచ్చింది. "టీ తాగారా పిన్నిగారూ?" అంటూనే సంచిలోంచి చిన్న బల్బు తీసి, కోటు లోపల వేలాడదీసి, కిటికీ తెర లాగి, మీట నొక్కింది. గది చీకటైంది. ఎదురు గోడ మీద వెలుతురు చుక్కలు పడ్డాయి. నాలుగు.

"అయ్యో," అంది దీపాలమ్మాయి. బల్బు కాస్త జరిపింది. నాలుగే. పైకి లేపింది. నాలుగే. "తీగ అడ్డం వచ్చిందేమో..."

సూదమ్మకి అప్పుడు అర్థమైంది. ఆ చుక్కల కోసమే కోటు. ఆ చుక్కల కోసమే చిల్లులు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలియదు. ఆమె పనే అలాంటిది. కానీ ఆ అమ్మాయి వెర్రిదానిలా తీగలు వెతుక్కుంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

"అమ్మాయ్, తీగ కాదమ్మా. నేనే. మూడు చిల్లులు నేనే మూసేశాను. నీకు తీరిక లేక వదిలేశావనుకున్నాను."

దీపాలమ్మాయి తెర తీసి, కోటు చేతుల్లోకి తీసుకుంది. "ఎక్కడ?" అంది.

అత్తగారు అడిగిన అదే ప్రశ్న. దీపాలమ్మాయి భుజం తడిమింది, జేబు పైన తడిమింది, వెలుతురుకి పెట్టింది, తిప్పింది. "ఎక్కడ పిన్నిగారూ? నాకు కనపడటం లేదు. ఎక్కడున్నాయో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు, ఇప్పుడు కనపడటం లేదు." జీవితంలో సూదమ్మకి దక్కిన అతి పెద్ద మెచ్చుకోలు అదే. దానికి సంతోషించే రాత లేకపోయింది.

ఆ కోటు దీపాలమ్మాయి నాన్నది. వంతెనలకి ఇనుము అతికించే వెల్డింగు పనివాడు. పోయి ఇరవై ఏళ్లు. "అమ్మకి ఈ కోటంటే ఒళ్లుమంట," అంది దీపాలమ్మాయి నేల మీద కూలబడి. "ఇంట్లోకి రానిచ్చేది కాదు, గుమ్మం బయట మేకుకే. నాన్న పోయిన వారానికే పారేస్తానంది. నేను లాక్కుని దాచుకున్నా. ఆ తర్వాత అమ్మా నేనూ సరిగా మాట్లాడుకోలేదు, ఆవిడ పోయేదాకా. ఆయన్ని ఏనాడూ పట్టించుకోలేదని నా కోపం. ఆయనది నా దగ్గర మిగిలింది ఈ ఏడు చిల్లులే. ఇప్పుడు మళ్లీ విప్పినా ఏం లాభం లెండి? కాలిన చోటు కత్తిరించే కదా కుడతారు. ఇదివరకు ఒకాయన చెప్పాడు నాకు."

సూదమ్మ చటుక్కున తలెత్తింది.

"కత్తిరించలేదమ్మా."

"ఏంటి?"

"నేను అంచు కత్తిరించను. ఎప్పుడూ కత్తిరించలేదు. మా అత్తగారు ఒప్పుకునేది కాదు. కాలింది కాలినట్టే లోపల ఉంది. మడిచాను, అంతే." ఆమె అప్పటికే సంచిలో సూది వెతుకుతోంది. "నాలుగింటికి కదా జనం వచ్చేది? ఇప్పుడెంతయింది?"

ఒంటిగంటయింది.

అల్లడం కంటే విప్పడం కష్టం. బాగా అల్లినదాన్ని విప్పడం ఇంకా కష్టం. ఎక్కడ మొదలో అల్లినవాళ్లకే దొరకదు. సూదమ్మ ఆ మధ్యాహ్నం తన పనితనాన్ని తనే తిట్టుకుంది. మధ్యలో అక్క కూతురు దిగొచ్చి, సంగతి విని, నెత్తిన చేతులు పెట్టుకుంది.

"నీకు సూదిపని వద్దన్నారు కదా పిన్నీ! కన్ను పోతే?"

"పోతే ఇంకోటుందిలే. ఆ భూతద్దం ఇలా పట్టుకో, మాట్లాడకు."

మొదటి రెండూ వచ్చాయి. పోగులు ఒక్కొక్కటే జారిపోయి, మడిచిన నల్ల అంచు మెల్లగా విచ్చుకుని, ఇరవై ఏళ్ల కిందటి నిప్పురవ్వ ఎక్కడ ఆగిందో అక్కడే నిలిచింది. మూడోది జేబు పైన వేలిగోరంత చిల్లు. అంచు బాగా మాడింది. ముట్టుకుంటే బూడిదయ్యేలా ఉంది. మడతలోంచి బయటికి రానంటోంది. సూదమ్మ సూది కింద పెట్టేసింది. ఇలాంటి మొండి అంచు మీద అత్తగారు వంగి, పెదాలు ఆనించినంత దగ్గరగా, వెచ్చగా ఊపిరి వదిలేది. పిల్లల వేలికి దెబ్బ తగిలితే ఊదినట్టు. అప్పట్లో సూదమ్మ దాన్ని ముసలిదాని చాదస్తం అనుకునేది. ఇప్పుడు తనూ వంగింది. ఊదింది. మళ్లీ ఊదింది. ఆ వెచ్చని తడికి అంచు మెత్తబడింది, గోటి కొసకి లొంగింది, రవ్వ కూడా రాలకుండా తన చోటికి తను వచ్చింది.

మూడున్నర దాటింది. తెర లాగారు. మీట నొక్కారు. దీపాలమ్మాయి వేలు చూపిస్తూ పైకే లెక్కపెట్టింది. ఏడుదాకా వచ్చి, మొహం చేతుల్లో దాచుకుంది.

సూదమ్మ మాత్రం కోటు వైపే చూస్తోంది. పొద్దున్న ఓహో అనుకుని వదిలేసినది ఇప్పుడు తిరిగొచ్చి తొలుస్తోంది. మడతలోంచి పోగులు తీసినవాళ్లు వాటిని ఊరికే పారేయరు. ఎక్కడో అల్లి ఉండాలి. కోటు లోపల చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, అత్తగారు తడిమినట్టే తడమడం మొదలుపెట్టింది. ఎడమ చంక కింద వేలు ఆగింది.

"అమ్మాయ్, ఒకసారి దీపం ఆర్పి కిటికీ తెర తియ్యి. మీ నాన్న కోటుకి చిల్లులు ఏడు కాదు, ఎనిమిది."

"లేదండీ, ఏడే. చిన్నప్పట్నుంచీ తెలుసు నాకు."

"ఇదుగో ఎనిమిదోది. ఎవరో రఫూ చేశారు. ఇది నా చెయ్యి కాదు. పనివాళ్ల చెయ్యీ కాదు, ఎవరూ నేర్పకుండా చేసింది." సూదమ్మ దాన్ని కాగితం చదివినట్టు చదివింది. "ఇక్కడ మొదలుపెట్టింది, చూడు, నాలుగు పోగులు తప్పుగా పడ్డాయి. విప్పి మళ్లీ వేసింది. ఇక్కడికొచ్చేసరికి కుదిరింది. ఈ చివర చూడు, నా అంత బాగా చేసింది. రెండు మూడు రోజులు కూర్చుని ఉంటుంది. మామూలుగా మనం కుడినుంచి ఎడమకి పోతాం. ఇది అటునుంచి ఇటొచ్చింది, ముడీ అటే ఉంది. మీ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరిదమ్మా?"

దీపాలమ్మాయి కోటు మీదికి వంగింది. ఆ చోట వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"అమ్మది," అంది.

బయట సందులో అప్పుడే జనం మాటలు వినబడుతున్నాయి.

"ఇదీ విప్పమంటావా?" అని అడిగింది సూదమ్మ మెల్లగా. "ఎనిమిదో చుక్క కూడా వస్తుంది."

"వద్దు పిన్నిగారూ. అదలాగే ఉండాలి." ఆమె సూదమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "మీరు ఇక్కడ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే నేను చచ్చేదాకా అమ్మని తిట్టుకుంటూనే ఉండేదాన్ని."

ఆ మాట సూదమ్మకి సూటిగా వెళ్లి తగిలింది. తగిలినట్టు పైకి కనపడనివ్వలేదు.

సాయంత్రమంతా జనం వచ్చి పోయారు. గోడ మీద చుక్కల్ని చూశారు, లెక్కపెట్టారు, కొందరు ఏడు నక్షత్రాలన్నారు. ఒకాయన దాని అర్థం ఏమిటో పక్కావిడకి పావుగంట వివరించాడు. సూదమ్మ మూల కుర్చీలో కూర్చుని, ఒక్కో కన్నూ మూసి తెరుస్తూ అందరినీ చూసింది. దీపాలమ్మాయి అప్పుడప్పుడూ కోటు పక్కనుంచి పోతూ ఎడమ చంక దగ్గర ఒకసారి తాకి పోతోంది. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఆరింటికి సూదమ్మ ఫోను తీసుకుని సందులోకి వచ్చింది. మోచేతి గోడ కింద నిలబడి మొగుడికి కలిపింది.

"పంచదార డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్నాడాయన, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా.

"పై అరలో, ఎడమ పక్క. ఇదుగో వినండి. నాకు మళ్లీ పని వచ్చేసింది. నీలం నీలంగానే కనిపిస్తోంది. ఇవాళ మూడు అల్లాను, మూడూ విప్పాను, ఒక పిల్లకి వాళ్లమ్మ మీద కోపం పోయింది. అంతా మీ అమ్మ చలవే."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడైంది. పంచదార డబ్బానే అయ్యుంటుంది.

"ఆపరేషన్ చేసింది నీ కంటికా, నోటికా?" అన్నాడాయన. తర్వాత డబ్బా ఎత్తి పెట్టిన చప్పుడైంది. "ముప్పై నాలుగేళ్లకి అన్నావు ఈ మాట. చెప్పాల్సింది నాకు కాదు కదే."

"తెలుసండీ," అంది సూదమ్మ. "ఆవిడకి చెప్పలేకపోయాను. ఆవిడవాళ్లంటూ ఇక మిగిలింది మీరేగా. అందుకే మీకు చెబుతున్నాను."